కీమోలో ఉన్న మనిషి నాలుక: చైనా వైద్యుడు చదివేది ఏమిటి, అందులో నమ్మదగ్గది ఎంత

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను. అమ్మగారికి కడుపు క్యాన్సర్. సింగపూర్‌లో మీ దగ్గరే ఉంటూ, ఆపరేషన్‌కు ముందు క్యాపెసిటబిన్, ఆక్సాలిప్లాటిన్ కీమో తీసుకుంటున్నారు. ఇప్పుడు మూడో సైకిల్. అక్కడి చైనా సంప్రదాయ వైద్యుడు నాలుక చూసి మూడు మాటలు చెప్పారు. ప్లీహం శక్తి తగ్గి ఒంట్లో తేమ చేరిందన్నది ఒకటి. రక్తం సరిగ్గా కదలక నిలిచిపోతోందన్నది రెండోది. పాచి పోయి నాలుక రంగు తేరుకుంటే గడ్డ కరుగుతున్నట్టే అన్నది మూడోది. ఇవి నమ్మవచ్చా, ఆయన రాసిన కషాయం ఇవ్వవచ్చా అని మీ సందేహం.

మొదటి మాటలో పనికొచ్చే విషయం ఉంది. రెండోదాన్ని మీ అమ్మగారి ఒంటి రంగు, వేసుకుంటున్న మందులు లెక్కలోకి తీసుకోకుండా చెప్పి ఉంటే పక్కన పెట్టవచ్చు. మూడోది తప్పు. గడ్డ తగ్గిందో లేదో సీటీ స్కాన్, ఎండోస్కోపీ చెప్పాలి. చికిత్సను ఒళ్లు ఎలా తట్టుకుంటోందో మాత్రం నాలుక బాగానే చెబుతుంది. ఎంత తింటున్నారు, ఎంత నీళ్లు తాగుతున్నారు, రక్తం తగ్గిందా, నోట్లో ఇన్ఫెక్షన్ మొదలైందా అన్నవి ఇంట్లోవాళ్ల కంటికి రోజూ కనిపించేది అక్కడే. స్కాన్ రెండు మూడు నెలలకోసారి తీస్తారు. నాలుకను ఏ పూటైనా చూడవచ్చు. కాబట్టి దీన్ని కొట్టిపారేయమని నేను చెప్పను. దేనికి పనికొస్తుందో దానికే వాడమంటాను.

చైనా వైద్యంలో రోగిని పరీక్షించే దారులు నాలుగు: చూడడం, వినడంతో పాటు వాసన పసిగట్టడం, అడిగి తెలుసుకోవడం, నాడి పట్టడం. నాలుక మొదటిదాంట్లో ఒక భాగం. మన ఆయుర్వేదం చెప్పే అష్టస్థాన పరీక్షలోనూ జిహ్వ ఎనిమిదింటిలో ఒకటే కదా. నాడి చూడకుండా, ఆకలి, నిద్ర, విరేచనం, వేసుకుంటున్న మందులు అడగకుండా నాలుక ఒక్కటే చూసి తీర్పు చెబితే, ఆ శాస్త్రం లెక్క ప్రకారమే అది సగం పరీక్ష.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. నాలుక బొమ్మలతో వచ్చిన పుస్తకాల్లో ఇప్పటికీ దొరుకుతున్న మొదటిది 1341 నాటిది, యువాన్ వంశ పాలనలో వచ్చింది. అంతకుముందున్న 12 బొమ్మలను దు చింగ్‌బి అనే వైద్యుడు 36కు పెంచాడు. అవన్నీ జ్వర రోగుల నాలుకలు. తర్వాత యే త్యెన్‌షి (1667–1746) అనే వైద్యుడు అంటువ్యాధి జ్వరాల్లో ఈ పరీక్షను ఇంకా పదును పెట్టాడు. జ్వరం పైపైన ఉందా, లోపలికి దిగిందా, ఒంట్లో తడి ఇంకిపోతోందా అని పూటపూటకూ చూసుకోవడానికి తయారైన సాధనం ఇది. రోగం నడకను వెంటాడడం దీని బలం. కడుపు లోపలి గడ్డ సైజు చెప్పాలని దీన్ని తయారు చేసినవాళ్లు అనుకోలేదు.

ఇప్పుడు మీ చైనా వైద్యుడు చూసేదేమిటో చెబుతాను. నాలుక కండను, దాని మీది పాచిని వేరువేరుగా చదువుతారు. కండలో రంగు, ఆకారం, పగుళ్లు, వణుకు చూస్తారు. పాచిలో రంగు, మందం, తడి, జిడ్డు, కండకు అంటుకుని ఉందా లేక పైపైన తేలుతోందా అన్నది చూస్తారు. లేత ఎరుపు కండ, దాని మీద పల్చని తెల్ల పాచి ఉంటే ఆరోగ్యం. కండ పాలిపోతే శక్తి, రక్తం తగ్గినట్టు. ఎర్రబడితే వేడి. ఎర్రగా ఉండి పాచి అసలు లేకపోతే యిన్, అంటే ఒంటికి తడినీ చల్లదనాన్నీ ఇచ్చేది, హరించుకుపోయినట్టు. ఊదా రంగు తిరిగితే రక్తం నిలిచినట్టు. నాలుక ఉబ్బి అంచుల్లో పళ్ల అచ్చులు పడితే ప్లీహం బలహీనమైనట్టు. పాచి మందంగా జిడ్డుగా ఉంటే తేమ, కఫం. నాలుకకు ఒక పటం కూడా ఉంది: కొన గుండెకూ ఊపిరితిత్తులకూ, మధ్య భాగం కడుపు, ప్లీహాలకు, రెండు అంచులు కాలేయం, పిత్తాశయాలకు, మొదలు మూత్రపిండాలకు. చివరగా నాలుక పైకెత్తించి అడుగున ఉన్న రెండు సిరలు చూస్తారు. చైనా పాఠ్యపుస్తకాల ప్రకారం అవి 2.7 మిల్లీమీటర్లకు మించి లావు ఉండకూడదు, నాలుక కొన నుంచి అడుగున లాలాజలం ఊరే బుడిపె దాకా ఉన్న దూరంలో అయిదింట మూడు వంతులు దాటకూడదు.

ఇవే మార్పులకు శరీరం వైపు నుంచి కారణాలు చూద్దాం. నాలుక పైన నూగులా కనిపించే సన్నని బుడిపెలు ఉంటాయి. వాటి కొసల్లో గట్టిపడి రాలే కణాలు, బాక్టీరియా, తిండి తునకలు కలిస్తే పాచి. గట్టి తిండి నములుతూ ఉంటే రాపిడికి అది అరిగిపోతూ ఉంటుంది. జావ, కొబ్బరి నీళ్లు, సూప్‌ల మీద బతికే మనిషికి, గొట్టం ద్వారా తిండి పెట్టే మనిషికి రాపిడి ఉండదు, పాచి మందమవుతుంది. కీమోలో వికారం వచ్చి నాలుగు రోజులు జావ మాత్రమే తాగిన రోగి నాలుక జిడ్డు పాచితో కనిపించడానికి ఇది చాలు. దాన్ని చైనా వైద్యుడు ‘ప్లీహం బలహీనం, తేమ’ అంటాడు. జీర్ణశక్తి కుంటుపడింది, తిండి తగ్గింది అన్న అర్థంలో ఆ మాట నిజమే. అందుకే మొదటి మాటలో విషయం ఉందన్నాను.

పాచి పూర్తిగా ఊడిపోవడం ఇంకో రకం. వేగంగా విభజన చెందే కణాలను కీమో దెబ్బతీస్తుంది. నాలుక పైపొర కణాలు కూడా అలాంటివే. నూగు రాలిపోయి నాలుక నున్నగా, ఎర్రగా, మంటగా మారుతుంది. ఇనుము, ఫోలేట్, బి12 తగ్గినా ఇలాగే అవుతుంది. తల, మెడ భాగాలకు రేడియేషన్ ఇస్తే లాలాజల గ్రంథులు ఎండి నాలుక పొడిగా, పగిలి, ఎర్రగా అవుతుంది. చైనా వైద్యం దీన్ని ‘వేడి విషం యిన్‌ను కాల్చింది’ అని చెబుతుంది. 6, 7 వారాలు సాగే ఆ రేడియేషన్‌లో ఈ మార్పు సాధారణంగా రెండో మూడో వారంలో మొదలవుతుంది. పాలిపోయిన నాలుక చాలాసార్లు హిమోగ్లోబిన్ తగ్గుదలే. పళ్ల అచ్చులు మాత్రం అంత నమ్మకమైన గుర్తు కాదు. పళ్లు కొరికే అలవాటు, థైరాయిడ్ లోపం, నోటి నిర్మాణం ఏదైనా కారణం కావచ్చు. ముందు నుంచీ ఉన్నాయా, కొత్తగా వచ్చాయా అన్నది అడిగి తీరాలి.

రక్తం నిలిచిందన్న రెండో మాట దగ్గర మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. క్యాన్సర్ రోగుల్లో ఊదా నాలుక, నల్లని మచ్చలు ఎక్కువగా కనిపిస్తాయని చైనా వైద్యులు చాలాకాలంగా రాస్తున్నారు. ఆ గుర్తులన్నీ చైనావాళ్ల నాలుకల మీద చూసి రాసుకున్నవి. చామనఛాయ, నలుపు ఒంటివాళ్లలో ఏ రోగం లేకపోయినా చిగుళ్ల మీద, లోపలి చెంపల మీద, నాలుక కొనలో అంచుల్లో గోధుమ, నలుపు చుక్కలు ఉండడం మామూలు. నాలుక బుడిపెలకే రంగు పట్టి, కొన చుట్టూ వరుసగా నల్ల చుక్కల్లా కనిపించడమూ ఉంది. పైగా మీ అమ్మగారు వేసుకుంటున్న క్యాపెసిటబిన్ స్వయంగా నాలుకను, అరచేతులను, గోళ్లను నల్లబరుస్తుంది. ఆ రంగు మనలాంటి ఒంటి ఛాయవాళ్లలో ఇంకా ముదురుగా వస్తుంది. చికిత్స అయ్యాక నెమ్మదిగా తగ్గుతుంది. 5-ఎఫ్‌యూ, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులతోనూ ఈ నలుపు చూస్తాం. దీన్ని రక్తం నిలవడంగా చదివి రక్తాన్ని కదిలించే మూలికలు రాస్తే, రోగికి లేని జబ్బుకు మందు ఇచ్చినట్టు అవుతుంది. కీమో మొదలుపెట్టక ముందు తీసిన ఫోటో ఏదైనా ఉందేమో వెతకండి. పళ్లు చూపించి నవ్విన పెళ్లి ఫోటోలో చిగుళ్ల రంగు కనబడినా కొంత ఆధారమే. అడుగు సిరల సంగతీ ఇంతే. 60 దాటినవాళ్లలో అవి ఉబ్బి, మెలికలు తిరిగి, నీలంగా కనబడడం చాలా సహజం. ఆ ఒక్క గుర్తుతో క్యాన్సర్ పాకిందని ఎవరైనా అంటే నమ్మకండి.

తప్పుడు రంగులు ఇంకా ఉన్నాయి. పసుపు పాలు తాగితే పసుపు పాచి, కాఫీతో గోధుమ రంగు, నేరేడు పండు, నల్ల ద్రాక్షతో ఊదా, తాంబూలంతో ఎరుపు. వికారానికి, కడుపు మంటకు వాడే బిస్మత్ మందు నాలుకను నల్లగా చేస్తుంది, ఇనుము సిరప్ కూడా మరక పెడుతుంది. పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ వారం రెండు వారాల్లో గోధుమ మరక వేస్తుంది. బెటాడిన్ పుక్కిలిస్తే ఆ పూటంతా పసుపు గోధుమ ఛాయ ఉంటుంది. వీటన్నిటికంటే పెద్ద చిక్కు మన పొద్దుటి అలవాటు. వేపపుల్ల చీల్చో, రాగి బద్దతోనో, స్టీలు టంగ్ క్లీనర్‌తోనో నాలుక గీసుకోనిదే మనకు ముఖం కడిగినట్టు ఉండదు. అలా గీసుకుని వెళ్లిన నాలుకలో పాచి చదవడానికి ఏమీ మిగలదు. వైద్యుడు ‘పాచి లేదు, యిన్ హరించింది’ అంటే ఆ తీర్పు టంగ్ క్లీనర్‌ది అవుతుంది. చూపించుకునే రోజు ముందు రాత్రి నుంచి గీసుకోవద్దు. నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ బాధపడే విషయం. పటంలో కాలేయానికి ఇచ్చిన ఆ రెండు అంచులే నాలుక క్యాన్సర్ ఎక్కువగా పుట్టే చోటు. అంచున ఊదా మచ్చ, ఎర్ర మచ్చ, గీరితే పోని తెల్ల మచ్చ కనిపిస్తే ‘కాలేయ శక్తి స్తంభించింది’ అని ఎవరైనా కషాయం రాసి పంపితే, నోటి క్యాన్సర్ తొలి దశ చేజారిపోతుంది. రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, నొప్పి లేకుండా గట్టిగా తగిలే గడ్డ, కదలని నాలుక, మెడలో గ్రంథి వాపు, వీటిలో ఏది ఉన్నా బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, కావాలి. ఎర్ర మచ్చ తెల్ల మచ్చకంటే ప్రమాదం. మన దగ్గర గుట్కా, ఖైనీ, చుట్ట వాడేవాళ్లు ఎందరో. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని. అలాంటివారిలో అంగిటి మీద కూడా చూడాలి, వేడి తగిలేది అక్కడే. ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఈ అలవాటు ఉంటే, నాలుక చూసే నెపంతోనైనా అంగిలి, చెంపల లోపలి వైపు టార్చి వేసి చూడండి.

కంప్యూటర్ నాలుక చూసి క్యాన్సర్ చెబుతుందన్న వార్తల గురించి కూడా అడిగారు. 2024లో ఇరాక్, ఆస్ట్రేలియా పరిశోధకుల పని తెలుగు పత్రికల్లో 98 శాతం కచ్చితత్వం అంటూ తిరిగింది. వాళ్లు 5,260 చిత్రాలతో యంత్రానికి నేర్పించారు. ఆ 98 శాతం వెలుతురు మారినా నాలుక రంగును సరిగ్గా గుర్తించడానికి సంబంధించినది. క్యాన్సర్‌ను పట్టుకున్న లెక్క కాదు. ఇంకోటి, 2023లో చైనాలో పలు ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం. నాలుక ఫోటోలతో కడుపు క్యాన్సర్ రోగులను మిగతావాళ్ల నుంచి వేరుచేయడంలో బాగా ముందుకెళ్లారు. అది నిజమైన పరిశోధన, నేను విలువ ఇస్తాను. ఇంటి దగ్గర వాడడానికి అది ఎందుకు చాలదో ఒక లెక్క వేసి చూద్దాం. 1,000 మందిలో 5 గురికి క్యాన్సర్ ఉందనుకోండి. పరీక్ష రోగులను 85 శాతం, ఆరోగ్యవంతులను 85 శాతం సరిగ్గా చెబుతుందనుకోండి. 5 గురిలో 4 గురు దొరుకుతారు. మిగతా 995 మందిలో దాదాపు 149 మందికి ‘క్యాన్సర్ ఉంది’ అని తప్పుగా వస్తుంది. ఎండోస్కోపీ ఎవరికి ముందు చేయాలో తేల్చడానికి అలాంటి పరికరం ఆసుపత్రిలో ఉపయోగపడవచ్చు. చికిత్సలో ఉన్న మనిషికి గడ్డ తగ్గిందో లేదో చెప్పడానికి అది పనికిరాదు. మనుషుల మధ్య కూడా ఏకాభిప్రాయం తక్కువే. 2008లో ప్రచురించిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో ఒకే నాలుక ఫోటోలు చైనా వైద్యులకు చూపిస్తే, వాళ్లు చెప్పిన లక్షణాలకు ఒకరితో ఒకరికి పొంతన అంతంతమాత్రంగా ఉంది. అందుకే ఇద్దరు వైద్యుల మాటలు పోల్చుకోవడంకంటే ఒకే మనిషి నాలుకను ఒకే పద్ధతిలో వారం వారం పోల్చడం మేలు.

ఆ పద్ధతి ఇలా పెట్టుకోండి. పొద్దున లేవగానే, పళ్లు తోమక ముందు, కాఫీ తాగక ముందు. కుదరకపోతే తిన్న రెండు గంటల తర్వాత, ప్రతిసారీ అదే వేళకు. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి, ఎందుకంటే పడకగదుల్లో వాడే 2,700–3,000 కెల్విన్ బల్బు ప్రతి నాలుకనూ పసుపు చేస్తుంది. గోడ ఆకుపచ్చ, గులాబీ అయితే ఆ ఛాయ ముఖం మీద పడుతుంది. ఎర్ర చీర, ఎర్ర దుప్పటి కూడా అంతే. గడ్డం కింద ఒక తెల్ల కార్డు పట్టుకోమనండి, ప్రతిసారీ అదే కార్డు. తర్వాత ఫోటోలు పోల్చినప్పుడు ఆ తెలుపు ఒకేలా ఉందో లేదో చూస్తే వెలుతురు తేడా తెలిసిపోతుంది. ఫోన్ వెనక కెమెరా, 25–30 సెంటీమీటర్ల దూరం, ఫ్లాష్ వద్దు, బ్యూటీ మోడ్, ఫిల్టర్లు ఆపేయండి.

నోరు బాగా తెరిచి, నాలుక బిగించకుండా, కొన కిందికి వాలేలా వదులుగా చాపాలి. బిగిస్తే, లేదా పది సెకన్లు దాటి చాపి ఉంచితే నాలుక ఊదా రంగు తిరుగుతుంది. ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. అయిదు సెకన్లలో ఫోటో తీసి, నోరు మూయించి ఒక నిమిషం ఆగి మళ్లీ తీయండి. మొత్తం నాలుగు ఫోటోలు: పై భాగం, కుడి అంచు, ఎడమ అంచు, కొన అంగిటికి ఆనించి అడుగు భాగం. అంచులు చూడాలంటే శుభ్రమైన గాజుగుడ్డతో కొన పట్టి పక్కకు తిప్పాలి. నోరు పూసి ఉంటే ఈ పని చేయకండి. ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి రంగులు మారతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.

21 రోజుల సైకిల్‌లో కీమో ఎక్కించే ముందురోజు, 7వ రోజు, 14వ రోజు తీస్తే చాలు. పక్కన రాసుకోవలసినవి జ్వరం, బరువు, ఎన్ని ముద్దలు తిన్నారు, ఎన్ని గ్లాసుల నీళ్లు, విరేచనాలు, తాజా రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు), ప్లేట్‌లెట్స్. నాలుగైదు వారాల తర్వాత ఈ కాగితం ఆంకాలజిస్టుకూ (క్యాన్సర్ డాక్టర్) చైనా వైద్యుడికీ ఇద్దరికీ పనికొస్తుంది.

పాచి తెల్లగా, పెరుగు తరకల్లా కనిపిస్తే ఒక పరీక్ష ఉంది. తడి గాజుగుడ్డ వేలికి చుట్టి మెల్లగా తుడవండి. మామూలు పాచి కొద్దిగా పల్చబడుతుంది, అడుగున రంగు మామూలుగా ఉంటుంది. తరకలు ఊడివచ్చి అడుగున ఎర్రగా, రక్తం చెమ్మగిల్లితే అది కాండిడా అనే ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ. చైనా వైద్యులు కూడా నాలుక తుడిచి, గీరి చూస్తారు, సులువుగా ఊడే పాచిని వేరు లేని పాచి అంటారు. అయితే కీమో రోగిలో దాన్ని తేమగా, అజీర్తిగా మాత్రమే చదివి మూలికలు ఇస్తూ కూర్చుంటే ఫంగస్ గొంతులోకి, అన్నవాహికలోకి దిగుతుంది. మింగుతుంటే నొప్పి మొదలైందంటే దిగిందని అనుమానించాలి. దీనికి ఫంగస్ మందు కావాలి, సాధారణంగా 7 నుంచి 14 రోజుల కోర్సు, ఆంకాలజిస్టే రాయాలి.

నోటిపూతను లెక్కగట్టడం కూడా నేర్చుకోండి. ఎర్రదనం, మంట మాత్రమే ఉంటే 1వ దశ. పుండ్లు పడినా గట్టి తిండి తినగలిగితే 2. ద్రవాలు మాత్రమే దిగితే 3. ఏదీ దిగకపోతే 4. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే కొలత ఇదే. ఫోన్‌లో ‘నోరు బాగా పూసింది’ అనడంకంటే ‘రెండో దశలో ఉంది, ఇడ్లీ తింటున్నారు’ అంటే నర్సుకు వెంటనే అర్థమవుతుంది. 2కు చేరితేనే తర్వాతి క్యాపెసిటబిన్ మోతాదు వేసుకునే ముందే ఫోన్ చేయాలి, తరచుగా ఆ మాత్ర ఆపమంటారు. ఒళ్లు 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లాలి. కీమో తర్వాత 7–14 రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి, పూసిన నోటి నుంచే బాక్టీరియా రక్తంలోకి వెళ్లగలదు. ఆ సమయంలో జ్వరానికి కషాయం కాచుకుంటూ తెల్లవారే దాకా ఆగకూడదు.

పుక్కిలించడానికి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వంటసోడా చాలు, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు. రోజూ కొత్తగా కలపాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. నోరు పూసినా, ప్లేట్‌లెట్స్ తగ్గినా స్టీలు, రాగి బద్దలు పక్కన పెట్టి మెత్తని బ్రష్ వాడండి. కొన్ని కీమోల్లో నోట్లో ఐసు ముక్కలు చప్పరించడం వల్ల నోటిపూత తగ్గుతుంది. మీ అమ్మగారికి అది పనికిరాదు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన రోజుల్లో చల్లనిది తగిలితే నాలుక, పెదవులు, గొంతు తిమ్మిరెక్కి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. ఫ్రిజ్ నీళ్లు కూడా ఇవ్వకండి. ఇంకొకటి, మన ఇళ్లలో నోరు పూస్తే వెంటనే బి-కాంప్లెక్స్ మాత్ర వేస్తాం. వాటిలో చాలావరకు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది క్యాపెసిటబిన్ దుష్ప్రభావాలను పెంచగలదు. నోటిపూత తగ్గాలని ఇచ్చిన మాత్ర నోటిపూతను ముదరపెట్టవచ్చు. ఆంకాలజిస్టును అడగకుండా ఇవ్వకండి.

కషాయం సంగతి. సింగపూర్‌లో చైనా వైద్యులకు 2000 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది, మీ వైద్యుడు ఆ జాబితాలో ఉన్నారో లేదో చూసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో 2012 నుంచి ఇలాంటి నమోదు ఉంది. మన దేశంలో ఆయుష్ కింద చైనా మూలికా వైద్యం లేదు. కాబట్టి అమ్మగారు హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చాక ఇక్కడ ఎవరైనా చైనా మందులు ఇస్తామంటే, ఆ మందులకూ ఆ మనిషి చదువుకూ ఎవరు పూచీ అని ముందు అడగండి.

పాలిపోయి ఉబ్బిన నాలుక, జిడ్డు పాచి, ఆకలి లేకపోవడం, ఈ మూడూ కలిస్తే సాధారణంగా రాసేది ఆరు సరుకుల కషాయం. అందులో జిన్‌సెంగ్ జాతి దుంప, అతిమధురం, నారింజ తొక్క లాంటివి ఉంటాయి. జపాన్‌లో దీని దగ్గరి రూపమైన రిక్కున్షితోను కీమోలో ఆకలి తగ్గినవాళ్లలో, హాంగెషషింతో అనే ఇంకో కషాయాన్ని నోటిపూతలో పరిశోధించారు. కాబట్టి ఆలోచన మొత్తం గాలిమాట కాదు. అయినా అతిమధురం ఎక్కువైతే పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో ముందే పొటాషియం తగ్గిన మనిషిలో అది గుండె లయకు ముప్పు. రక్తం కదిలిస్తాయని రాసే దాన్‌షెన్, దాంగ్‌గుయ్ అనే మూలికలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెంచుతాయి. ఆక్సాలిప్లాటిన్ ప్లేట్‌లెట్స్ తగ్గించినప్పుడు కూడా నేను వాటిని వద్దంటాను. హెషౌవు అనే మూలిక కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు చాలా ఉన్నాయి. అరిస్టోలోకిక్ యాసిడ్ ఉన్న మొక్కలు మూత్రపిండాలను పాడుచేసి, మూత్రనాళ క్యాన్సర్‌కు దారితీస్తాయని 1990ల్లో బెల్జియం కేసులతో ప్రపంచానికి తెలిసింది. ఫూజి అంటే మన వసనాభి జాతి. సరిగ్గా శుద్ధి చేయకపోతే గుండెను ఆపగలదు.

అందుకే మీ చైనా వైద్యుణ్ణి ప్రతి సరుకు పేరు చైనీస్‌లో, లాటిన్‌లో, గ్రాముల్లో రాసి ఇమ్మనండి. ‘ఇది మా సొంత పొడి’ అంటే ఆ సీసా తెరవకండి. చీటీని ఆంకాలజీ ఫార్మసిస్టుకు చూపించి, ఆయన సరేనన్నవే, కీమో ఎక్కించే రోజు కాకుండా మొదలుపెట్టండి. మొదలుపెట్టిన రెండు వారాల్లో కాలేయం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించండి. ఆపరేషన్ తేదీ ఖరారు కాగానే మత్తు డాక్టర్‌కు ఈ కషాయం గురించి చెప్పాలి. సాధారణంగా రెండు వారాల ముందే మూలికలన్నీ ఆపమంటారు.

ఆపరేషన్‌లో కడుపు మొత్తం తీసేస్తే, తిండిలోని బి12ను ఒళ్లు పీల్చుకోలేదు. కాలేయంలో నిల్వ ఉన్నది కొన్నేళ్లు నడుస్తుంది కాబట్టి లోపం వెంటనే బయటపడదు. ఎప్పుడో నాలుక నున్నగా, ఎర్రగా, మంటగా మారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ నాలుకను చూసిన చైనా వైద్యుడు ‘యిన్ హరించింది’ అంటాడు, ఇంట్లోవాళ్లు క్యాన్సర్ తిరగబెట్టిందని హడలిపోతారు. అప్పుడు కావలసింది బి12 పరీక్ష. అంతదాకా రాకుండా ఆపరేషన్ అయిన నాటి నుంచే 1,000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ నెలకోసారో మూడు నెలలకోసారో ఎలా ఇవ్వాలో డిశ్చార్జి కాగితంలోనే రాయించుకోండి.